గెడ్డ గట్టున తెల్లపూల పొద: పాపిడా, కొరివా?

ఏప్రిల్, మొదటి వారం

పర్లాకిమిడి నుంచి మహేంద్రగిరి వైపు వెళ్తుంటే కొండ దిగువన ఒక గెడ్డ వస్తుంది. ఊరి ఉమ్మడి భూమిలోంచి పారుతుంది. దాని గట్టు పొడవునా మనిషెత్తు తెల్లపూల పొదలున్నాయి. ఈ ఏడాది మా బడి ప్రకృతి క్లబ్ పిల్లలతో చేసే ప్రాజెక్టు వాటి మీదే. పొద జాతి ఏమిటో ఆధారాలతో తేల్చాలి. ఆరబెట్టిన నమూనాలు, కొలతలు, ఫొటోలతో రికార్డు తయారు చేయాలి. రేపు ఎవరైనా వచ్చి "మీరు రాసింది తప్పు" అన్నా, ఆ మాట నిరూపించడానికి కావలసినవన్నీ మా ఫైల్లోనే దొరకాలి. పిల్లలకు మొదటిరోజే చెప్పిన షరతు ఇది.

ఈ పొదనే ఎంచుకోవడానికి కారణం దాని పేర్ల గందరగోళం. ఊళ్లో కొందరు కొరివి అంటారు, కొందరు పాపిడి అంటారు. ఫోన్‌లో మొక్కల్ని గుర్తుపట్టే యాప్‌కి ఒక ఫొటో చూపిస్తే ఇక్సోరా అంది, అదే పొదను ఇంకో పక్కనుంచి తీసి చూపిస్తే పావెట్టా అంది. మూడో ఫొటోకి ఏకంగా కాఫీ అంది. అలా అన్నందుకు యాప్‌ని తప్పుపట్టలేం. ఈ మొక్కలన్నీ దూరం నుంచి అంతగా కలిసిపోతాయి.

కుటుంబం వరకూ మాకు టెన్షన్ లేదు. ఆకులు జంటలుగా, ఎదురెదురుగా ఉన్నాయి. ఆకు అంచుల్లో పళ్లు లేవు. పూరేకులు కింద కలిసిపోయి సన్నటి గొట్టమయ్యాయి. అండాశయం పూవు కింద, కాడ చివర చిన్న గుండులా ఉంది. అన్నిటికంటే గట్టి గుర్తు పత్రపుచ్ఛం. రెండు ఆకుకాడల మధ్య, కొమ్మకు అటొకటి ఇటొకటి, చిన్న త్రికోణపు పొర ఉంటుంది. ఇవన్నీ ఒకే కొమ్మ మీద కనిపిస్తే రూబియేసీ, అంటే కాఫీ కుటుంబం అని ధైర్యంగా చెప్పొచ్చు. కోరాపుట్ తోటల్లోంచి తెచ్చిన కాఫీ కొమ్మ ఒకటి పక్కన పెట్టి చూపిస్తే పిల్లలు ఆ త్రికోణాన్ని వెంటనే పట్టేశారు.

ప్రపంచంలో 13,000కు పైగా జాతులున్న కుటుంబం ఇది. పూల మొక్కల్లో నాలుగో పెద్ద కుటుంబం. మన చుట్టూ ఉన్నవాళ్లే ఎంతమందో! మంగకాయ ముళ్లపొద ఇందులోదే. పసుపుపచ్చ జిగురు కారే బిక్కి ఇందులోదే. "బ్రతికుంటే బలుసాకు తినవచ్చు" అని మన పెద్దలు అనే ఆ బలుసు కూడా కాఫీకి చుట్టమే. ఆ సంగతి చెప్పగానే ఒక అమ్మాయి మర్నాడు పెరట్లోంచి బలుసు కొమ్మ విరిచి తెచ్చింది, ముళ్లు గీరుకున్న చేతులతో. త్రికోణపు పొర దొరికింది. ఆ కొమ్మను కూడా ఆరబెట్టే ప్రెస్‌లో, అంటే కాగితాల మధ్య బరువు కింద పెట్టాం.

ఏప్రిల్, మూడో వారం

అనుమానితుల జాబితా తయారైంది. ఈ కొండల్లో తెల్లటి సన్నగొట్టం పూలు గుత్తులుగా పూసే కాఫీ కుటుంబపు పొదలు ముఖ్యంగా మూడు. ఒకటి ఇక్సోరా పావెట్టా, అంటే కొరివి. రెండోది పావెట్టా ఇండికా, పాపిడి. మూడోది టారెన్నా ఏషియాటికా.

మొదటి రెండింటి పేర్లు చూడగానే పిల్లలు తల పట్టుకున్నారు. ఒకదాని ఇంటిపేరు ఇంకోదానికి సొంతపేరైంది. మొక్కలకి రెండు మాటల శాస్త్రీయ నామాలు పెట్టిన లినేయస్ 1753లో వేసిన పుస్తకంలోనే ఇక్సోరా, పావెట్టా రెండూ వేర్వేరు ప్రజాతులుగా, అంటే వేర్వేరు ఇంటిపేర్లుగా ఉన్నాయి. ఆ తర్వాత ఆండ్రూస్ అనే ఆయన ఒక ఇక్సోరాకి పావెట్టా అని జాతి పేరు పెట్టాడు. చూడటానికి అది పావెట్టాలా ఉంటుందన్నమాట. పాత పుస్తకాల్లో ఇదే మొక్క ఇక్సోరా పార్విఫ్లోరా, ఇక్సోరా ఆర్బోరియా అని కూడా కనిపిస్తుంది. వెతికేటప్పుడు ఈ మూడు పేర్లూ దగ్గర పెట్టుకోవాలి, లేకపోతే ఒకే మొక్కను మూడుసార్లు లెక్కపెట్టేస్తాం.

టారెన్నాని ఆ పూటే తప్పించేశాం. దాని పువ్వుకి సాధారణంగా అయిదు రేకులు, కాయలో చాలా గింజలు. మా పొద పూలు ఒక గుత్తిలోవి పరిచి లెక్కపెడితే అన్నీ నాలుగు రేకులవే. మిగిలినవి రెండు.

ఈ రెండూ ఎంత దగ్గరగా కనిపిస్తాయంటే, శాస్త్రవేత్తలు చాలాకాలం రెండింటినీ ఒకే తెగలో, అంటే కుటుంబం లోపలి ఒకే చిన్న గుంపులో పెట్టారు. 2000 ప్రాంతంలో డీఎన్‌ఏ పోలికలు వచ్చాకే ఇక్సోరాని తీసి విడిగా దాని పేరుతోనే తెగ కట్టారు. కాబట్టి పూల రంగు, గుత్తి ఆకారం, వాసన చూసి తేల్చే వ్యవహారం కాదు. పువ్వును కోసి చూడాల్సిందే.

మే, మొదటి వారం

వేసవి వాన ఒకటి పడగానే పొదలన్నీ ఒక్కసారిగా పూశాయి. సాయంత్రం వాసన బాగా తెలుస్తుంది, పొద్దు వాలాక రెక్కల పురుగులు వాలుతున్నాయి.

పని బడి వరండాలోనే చేశాం. తెల్ల కాగితం, గుండుసూదులు, కొత్త బ్లేడు, పదింతలు పెద్దగా చూపించే చేతి లెన్స్, మిల్లీమీటర్ల స్కేలు. ఇంతకుమించి ఖర్చేమీ లేదు.

ముందు విచ్చుకోని మొగ్గ తీసుకున్నాం. మొగ్గలో నాలుగు రేకులూ ఒకదాని మీదొకటి మెలితిరిగి ఉంటాయి. దాన్ని నిలువునా చీల్చి లెన్స్ పెడితే, పరాగకోశాలు అప్పటికే పగిలి ఉన్నాయి. పుప్పొడి అంతా మధ్యలో ఉన్న కీలం చివర అంటుకుని ఉంది. అంటే పువ్వు విచ్చుకోకముందే మగ భాగం తన పుప్పొడిని ఆడ భాగం తలకి పూసేస్తుంది. పువ్వు విచ్చాక కీలం బాణంలా బయటికి పొడుచుకొస్తుంది, పురుగు వచ్చి తగిలితే ఆ పుప్పొడి దాని ఒంటికి అంటుకుంటుంది. కీలాగ్రం, అంటే కీలం కొస, పుప్పొడిని తీసుకునే దశకు రావడం ఆ తర్వాత సంగతి. ఇక్సోరాలోనూ పావెట్టాలోనూ ఈ ఏర్పాటే. జాతి తేల్చడానికి ఇది పనికిరాదు. అయినా పిల్లలు దీని దగ్గరే గంటసేపు ఆగిపోయారు. వాళ్లను తొందరపెట్టాలని నాకూ అనిపించలేదు. పాఠ్యపుస్తకంలో పరాగసంపర్కం బొమ్మ చూడటం వేరు, బ్లేడు కొన మీద ఆ పసుపు పొడి చూడటం వేరు.

తేల్చే గుర్తులు తర్వాత చూశాం. గొట్టం పొడవు దాదాపు 15 మిల్లీమీటర్లు. రేకుల పొడవు 6 నుంచి 7 మిల్లీమీటర్లు. కీలం గొట్టం దాటి బయటికి దాదాపు గొట్టమంత పొడవే వచ్చింది. ఇక్సోరా పావెట్టాలో పువ్వు ఇంతకంటే చాలా చిన్నది, గొట్టం సెంటీమీటరు లోపే, కీలం కొంచెమే తొంగి చూస్తుంది. ఇక కీలాగ్రం. ఇక్సోరాలో అది రెండుగా చీలి, ముదిరాక రెండు ముక్కలూ వెనక్కి వంగుతాయి. పావెట్టాలో చీలకుండా సన్నటి కండెలా ఉంటుంది, మహా అయితే కొసన చిన్న గాటు. పుప్పొడి రాలిపోయిన పాత పూలనే ఏరి చూశాం, ఎందుకంటే లేత పూలలో ఇక్సోరా కీలాగ్రం కూడా మూసుకునే ఉంటుంది, చూసినవాళ్లు మోసపోతారు. మా పొద పాత పూలు ఒక్కటీ చీలలేదు.

ఈ పాత పూల జాగ్రత్త గురించి ఎంత చెప్పినా తక్కువే. ఫొటోలు పెట్టి "ఇదేం మొక్క" అని అడిగేవాళ్లు ఎప్పుడూ తాజా పువ్వే తీస్తారు. వాడిపోతున్న పువ్వు, పచ్చికాయ, పాత ఆకు వెనకవైపు, కాడల మధ్య పొర, వీటిని ఎవరూ తీయరు. అడిగిన ప్రశ్నకి జవాబు మాత్రం వాటిలోనే ఉంటుంది.

మే, మూడో వారం

ఇవాళ ఆకు వంతు. అసలైన సాక్ష్యం ఇదే.

ముదిరిన ఆకు ఒకటి తీసి ఎండకి ఎదురుగా పట్టుకోమన్నాను. ఆకుపచ్చ వెలుగులో అక్కడక్కడ నల్లటి చుక్కలు, గసగసాలంత. వేలితో తడిమితే కొంచెం ఉబ్బెత్తుగా తగులుతాయి. తెగులు మచ్చ అయితే చుట్టూ పసుపు వలయం ఉంటుంది, పురుగు చేసిన బుడిపె అయితే ఒక ఆకు మీద ఉండి పక్క ఆకు మీద ఉండదు. ఇవి అలా కాదు. ప్రతి పొదలో, ప్రతి ముదురు ఆకులో ఉన్నాయి. పక్క గట్టు మీది బలుసులో లేవు, బడి ముందు నాటిన ఎర్ర నూరువరహాల మొక్కలో కూడా లేవు. ఆ నూరువరహాలు కూడా ఇక్సోరాయే, ఇక్సోరా కొక్సీనియా.

ఆ చుక్కలు బాక్టీరియా కాపురాలు. జావాలో జిమ్మర్‌మన్ అనే శాస్త్రవేత్త 1902లో పావెట్టా ఆకుల్లోని ఈ బుడిపెల్లో బాక్టీరియా ఉన్నట్టు రాశాడు. అవి గాల్లోంచి నత్రజనిని పట్టి మొక్కకి ఇస్తాయని మొదట్లో అనుకున్నారు, పప్పుజాతి వేళ్లలో జరిగినట్టు. ఆ మాట నిలబడలేదు. ఈ బాక్టీరియా బర్క్‌హోల్డేరియా వర్గానికి చెందినవి. ఇదే కుటుంబంలోని ఆఫ్రికా సైకోట్రియాల్లో ఉండే వీటి దగ్గరి చుట్టాల జన్యువులు చదివినవాళ్లు, అవి మొక్కను కాపాడే రసాయనాలు తయారు చేస్తాయని చెబుతున్నారు.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది అవి ఆకులోకి వచ్చే దారి. చిగురు కొసన రెండు పత్రపుచ్ఛాలు మూసుకుని ఒక గదిలా ఉంటాయి. లోపలి వైపు సన్నటి గ్రంథులు జిగురు కారుస్తుంటాయి. బాక్టీరియా ఆ జిగురులో కాచుకుని ఉంటాయి. కొత్త ఆకు ఇంకా అతి లేతగా ఉండగానే దాని పత్రరంధ్రాల్లోంచి లోపలికి దూరతాయి. గింజ ద్వారా పిల్ల మొక్కకీ వెళ్తాయి. ఒక చిగురును సూదితో విప్పి చూపించాను. పొర లోపలి వైపు తెల్లటి మెత్తని వెంట్రుకలు, వాటి మధ్య మెరిసే జిగురు. సూది లాగితే తీగలా సాగింది. ఆ బాక్టీరియా ఈ చేతి లెన్స్‌లో కనిపించవు కానీ, అవి ఉండే గది మాత్రం కళ్లముందే ఉంది.

మన ప్రాంతపు కాఫీ కుటుంబంలో ఇలా ఆకు నిండా బాక్టీరియా బుడిపెలు ఉండేది పావెట్టాకే. దాంతో ప్రజాతి ఖాయం. డైరీలో "పావెట్టా, జాతి ఇంకా తేలలేదు" అని రాయించాను. ఒక అబ్బాయి "అలా సగం పేరు రాయొచ్చా మాస్టారూ?" అన్నాడు. రాయొచ్చు, రాయాలి కూడా. తెలిసినంత వరకే రాసిన పేరు నిజమైన పేరే. తెలియనిది కలిపి రాసిన పూర్తి పేరుని రేపు ఎవరో ఒకరు నమ్మి, ఇంకో పట్టికలోకి ఎక్కిస్తారు.

మే, నాలుగో వారం

ఊరి సవర పెద్దాయన ఒకరు గట్టు మీద మమ్మల్ని చూసి ఆగారు. కొమ్మ చూపించి, "తాతా, దీన్ని కొరివి అంటారా?" అని అడిగాం. ఆయన ఆకు చేత్తో పట్టుకుని, కాడ చూసి నవ్వారు.

"కొరివి కాదు బావూ, పాపిడి. కొరివైతే పచ్చి పుల్లైనా మండతాది. ఎనకటికి రాత్రిళ్లు కొండ దిగితే దివిటీకి అదే కొట్టేవోళ్లం. దీన్ని దివిటీకి ఎవలూ కొట్టరు."

కొరివి ఆకుని ఎలా గుర్తుపడతారని అడిగాను. "దాని ఆకు మందం. కాడ ఉండీ లేనట్టుంటాది. దీనికి కాడుంది గదా" అన్నారు. వృక్షశాస్త్ర పుస్తకాల్లో ఉన్నది కూడా ఇదే. ఇక్సోరా పావెట్టా ఆకు దళసరిగా, దాదాపు కాడ లేకుండా కొమ్మకి అంటుకున్నట్టు ఉంటుంది, పావెట్టా ఆకు పల్చన, కాడ స్పష్టంగా కనిపిస్తుంది. లెన్స్‌తో మేం చేసిన పని ఆయన వేళ్లతో చేసేశారు. ఊళ్లో కొరివి అనేవాళ్లు ఎక్కువగా రోడ్డు పడ్డాక వచ్చి స్థిరపడ్డవాళ్లు. కొండ ఎక్కి కట్టె తెచ్చుకున్న పాత కుటుంబాలన్నీ పాపిడి అనే అంటున్నాయి. స్థానిక పేరు రాసుకునేటప్పుడు ఎవరు చెప్పారు, వాళ్లకి ఆ మొక్కతో ఏం పని అన్నది కూడా రాసుకోవాలని ఆ రోజు నుంచి మా ఫారంలో ఒక గడి పెట్టాం. గిడుగు రామమూర్తి గారు బడిలో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకున్న ఊరు మాది. సవర పేరు రాసుకోకుండా మేం ఫారం మూసేస్తే ఎలా? పెద్దాయన చెప్పిన సవర పేరుని ఫోన్‌లో రికార్డు చేసి, రాతలో తప్పు పోకుండా గొంతునే ఫైల్లో ఉంచాం.

జూన్

పుస్తకాలు వెతికే పని. ఇక్కడ మా జిల్లా చరిత్ర అడ్డం తగిలింది.

ఒడిశా మొక్కలకి పాత పుస్తకం అనగానే అందరూ హెయిన్స్ రాసిన బీహార్, ఒరిస్సా వృక్షశాస్త్రం చూడమంటారు. 1921 నుంచి 1925 వరకు వచ్చింది. కానీ ఆ రోజుల్లో గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడే ఇటు వచ్చాయి. పర్లాకిమిడి కూడా అంతే. గజపతి జిల్లాగా విడిపోయింది 1992లో. కాబట్టి మా కొండల మొక్కలు ఉండాల్సిన పాత పుస్తకం గాంబుల్ రాసిన మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరా, అంటే ఆ ప్రాంతపు మొక్కలన్నిటి వివరాల పుస్తకం. అందులో రూబియేసీ ఉన్న నాలుగో భాగం 1921లో వచ్చింది. ఒడిశా మొత్తానికి కలిపి సక్సేనా, బ్రహ్మం రాసిన నాలుగు సంపుటాలు 1994-96 నాటివి.

ఇది తెలియకపోతే నష్టం ఏమిటంటే, "ఈ మొక్క పాత రికార్డుల్లో లేదు, కొత్తగా దొరికింది" అని మురిసిపోతాం. రికార్డు ఉంటుంది, వేరే రాష్ట్రం అరలో ఉంటుంది. పాత నమూనా చీటీల మీద ఊరి పేరు ఉంటుంది తప్ప ఇప్పటి జిల్లా పేరు ఉండదు. సరిహద్దు జిల్లాల్లో మొక్కలు చూసేవాళ్లు రెండు వైపుల పట్టికలూ పక్కపక్కన పెట్టుకోవాలి. శ్రీకాకుళం వైపు నుంచి చూసేవాళ్లకి కూడా ఇదే మాట. మహేంద్రతనయ నీళ్లకి ఏ గట్టు ఏ రాష్ట్రమో తెలియదు.

జూన్ చివర, జూలై

వాన మొదలైంది. నమూనాలు ఆరబెట్టడం నరకం. పొడి న్యూస్‌పేపరు మధ్య కొమ్మ పెట్టి, పైన చెక్క, దాని మీద ఇటుకలు. రోజూ కాగితాలు మార్చకపోతే ఆకుల మీద బూజు. వంతులు వేసుకుని పిల్లలు ఆదివారాలు కూడా వచ్చి మార్చారు. తీసిన తడి కాగితాలను వంటగది పొయ్యి పైన తాడుకి ఆరేసే ఉపాయం మా మధ్యాహ్న భోజనం వండే అక్కది. దానివల్లే నమూనాలు దక్కాయి. ఆరాక ఆకులు నల్లబారాయి కానీ చుక్కలు ఇంకా స్పష్టంగా కనిపిస్తున్నాయి.

ఇక జాతి సంగతి. పావెట్టా ఇండికా అనేది లినేయస్ 1753లో ఇచ్చిన పేరే. కానీ దాని కింద ఎన్ని రకాల మొక్కల్ని చేర్చాలన్నది తర్వాత వాళ్ల తగవు. హుకర్ తన బ్రిటిష్ ఇండియా ఫ్లోరా మూడో సంపుటంలో, ఆకులు నూగుగా ఉన్న మొక్కని దీనిలోనే ఒక రకంగా చూశాడు. దానికి అంతకుముందే పావెట్టా టొమెంటోసా అని జాతి పేరు ఉంది. ఆ పేరు పెట్టింది రాక్స్‌బర్గ్, ప్రచురించింది స్మిత్. రాక్స్‌బర్గ్ అంటే మన సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలకి బొమ్మలు వేయించిన వైద్యుడు. 1934లో డచ్చి శాస్త్రవేత్త బ్రెమెకాంప్ ఒక్క పావెట్టా ప్రజాతి మీదే పెద్ద గ్రంథం రాశాడు. ఈ తగవుకి దిగే ఎవరైనా దాన్ని దాటి వెళ్లలేరు.

మాకు ఇది పుస్తకాల తగవుగా మిగల్లేదు. గెడ్డ గట్టు పొదల ఆకులు వెనకవైపు నున్నగా ఉన్నాయి. గెడ్డ దాటి రాళ్ల వాలు ఎక్కితే అక్కడి పొదల ఆకులు వెనక ముఖమల్ గుడ్డలా మెత్తగా ఉన్నాయి. రెండింటికీ చుక్కలున్నాయి, రెండింటికీ పొడవైన కీలం ఉంది. రెండూ పావెట్టాలే. ఒకటే జాతి నీళ్ల దగ్గర నున్నగా, రాళ్ల మీద నూగుగా పెరుగుతోందా, లేక రెండు జాతులు పక్కపక్కన ఉన్నాయా?

తేల్చాలంటే పోలిక సరిగా ఉండాలి. లేత ఆకులకి ఎక్కడైనా నూగు ఎక్కువ, ముదిరే కొద్దీ రాలుతుంది. ఒక పొద చిగురునీ ఇంకో పొద పాత ఆకునీ పక్కపక్కన పెడితే ఏ నిర్ణయమైనా తప్పే అవుతుంది. అందుకని కొమ్మ కొస నుంచి మూడో జంట ఆకులే తీసుకోవాలని నియమం పెట్టుకున్నాం. ఆకు ఒక్కటే కాదు, పూకాడ, రక్షకపత్రాలు, గొట్టం బయటి వైపు కూడా చూశాం. నూగు పొదలో రక్షకపత్రాలూ పూకాడలూ కూడా దట్టంగా నూగుతో ఉన్నాయి. గట్టు పొదలో అవి దాదాపు నున్నగా ఉన్నాయి. నడుమ వాలు మీద మధ్యరకం పొదలు దొరుకుతాయేమోనని వెతికాం. ఆకుల్లో కొంచెం అటూ ఇటూగా ఉన్నవి దొరికాయి కానీ, రక్షకపత్రాల దగ్గరికి వచ్చేసరికి అవి కూడా ఏదో ఒక పక్షాన తేలిపోయాయి.

నా నిర్ణయం: రెండింటికీ వేర్వేరు సేకరణ నంబర్లు, వేర్వేరు షీట్లు. గట్టు పొదకి పావెట్టా ఇండికా. వాలు పొదకి పావెట్టా టొమెంటోసా, కింద "హుకర్ ప్రకారం పావెట్టా ఇండికాలో రకం" అన్న వాక్యం. రేపు నిపుణులు రెండూ ఒకటే అంటే షీట్లు కలపడం సులువు. ఒకటే నంబరు కింద కలిపేసిన కొమ్మల్ని తర్వాత విడదీయడం ఎవరి తరమూ కాదు.

అక్టోబర్

కాయలు పండాయి. పచ్చగా ఉన్నప్పుడు మిరియమంత, పండాక నిగనిగలాడే నలుపు. తల మీద రక్షకపత్రాల చిన్న కిరీటం ఇంకా అలాగే ఉంది. కోస్తే రెండు గింజలు, కొన్నిటిలో ఒకటే. గింజకి ఒకవైపు గుండ్రం, రెండో వైపు గుంట. కాఫీ గింజ చూసిన కళ్లకి ఆ పోలిక తెలుస్తుంది. టారెన్నా కాదన్న ఏప్రిల్ నాటి నిర్ణయానికి ఇది రెండో సాక్ష్యం.

కాయలు కోసేటప్పుడు పొదకి సగానికి పైగా వదిలేయాలన్నది పిల్లలే పెట్టుకున్న నియమం. ఏ పిట్టలు తింటున్నాయో రాయడానికి ఇద్దరు అమ్మాయిలు పొద్దున్నే కూర్చుంటున్నారు. ఇప్పటివరకు పికిలిపిట్టలే ఎక్కువ.

నవంబర్

షీట్లు అతికించాం. 42 సెంటీమీటర్ల పొడవు, 28 వెడల్పు ఉన్న దళసరి కాగితం మీద కొమ్మ, పక్కన చిన్న కాగితపు సంచిలో విడిపూలు, కాయలు, గింజలు. ఆకులు ముందువైపు కొన్ని, వెనకవైపు కనిపించేలా కొన్ని తిప్పి పెట్టాలి. వెనకవైపు కనిపించని షీటు ఈ ప్రజాతికి పనికిరాదు. కుడివైపు కింద లేబుల్. గట్టు పొదది ఇలా ఉంది:

కుటుంబం: రూబియేసీ. పేరు: పావెట్టా ఇండికా లినేయస్. స్థానిక పేరు: పాపిడి (తెలుగు, చెప్పినవారు కొండ దిగువ ఊరి సవర పెద్దాయన, కట్టె కొట్టే అనుభవం). సవర పేరు: ధ్వని ఫైలు జత. స్థలం: ఒడిశా, గజపతి జిల్లా, మహేంద్రగిరి దిగువ, గెడ్డ గట్టు. పొద, మనిషెత్తు. ఆకులు నున్నన, ముదురు ఆకుల్లో బాక్టీరియా బుడిపెలు. పూలు తెలుపు, నాలుగు రేకులు, సువాసన, మే. గొట్టం సుమారు 15 మి.మీ., కీలం గొట్టం దాటి అంతే పొడవు, కీలాగ్రం చీలలేదు. కాయలు నలుపు, రెండు గింజలు, అక్టోబర్. పక్క వాలు మీద నూగు ఆకుల పొదలు, విడి నంబరు చూడండి.

ఇదే లేబుల్ ఒడియాలో కూడా రాశాం. పిల్లలు ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది ఒడియా. రెండు భాషల్లోనూ ఈ మొక్క వాళ్లది కావాలి.

రెండేసి జతలు తయారయ్యాయి. ఒకటి మా బడి బీరువాలో నాఫ్తలీన్ గోళీలతో ఉంటుంది, రెండోది హెర్బేరియం, అంటే ఆరబెట్టిన మొక్కల నమూనాలు భద్రపరిచే సంస్థ, ఉన్న చోటికి పంపడానికి సిద్ధంగా ఉంది. అక్కడి నిపుణులు పేరు మారిస్తే, వాళ్ల చీటీ పక్కనే మా పాత చీటీ కూడా ఉంచమని కవరింగ్ లెటర్లో రాశాం.

గింజలు రెండు కుండీల్లో వేశాం, ఒకదానిలో గట్టు పొదవి, ఇంకోదానిలో నూగు పొదవి, ఒకే మట్టి, ఒకే నీడ, ఒకే నీళ్లు. మొలిచాక రెండు విషయాలు చూడాలి. బాక్టీరియా గింజతోనే వస్తాయంటారు కదా, ఎన్నో జత ఆకు నుంచి చుక్కలు కనిపిస్తాయి? రాళ్ల వాలు లేకపోయినా నూగు పొద పిల్లలకి నూగు వస్తుందా? రెండో ప్రశ్నకి జవాబు దొరికితే రెండు నంబర్ల సంగతి కొంతైనా తేలుతుంది. కుండీలకి నీళ్లు పోసే వంతుల పట్టిక తొమ్మిదో తరగతి తలుపు మీద అంటించాం. వచ్చే ఏప్రిల్‌లో శిఖరం వైపు టారెన్నా కోసం వెళ్లాలి, దానికి అటవీ శాఖ అనుమతి దరఖాస్తు ఈ వారంలోనే పెట్టాలి.